డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ గాఢతను దేనితో కొలవాలి? నానోడ్రాప్, క్యూబిట్, జెల్, క్యూపీసీఆర్‌ల పోలిక

పత్తి ఆకు నుంచి సీటాబ్ అనే డిటర్జెంటు వాడే పద్ధతిలో తీసిన డీఎన్‌ఏను నానోడ్రాప్ మీద చూస్తే మైక్రోలీటరుకు 180 నానోగ్రాములు, అదే ట్యూబు నుంచి, వెలిగే రంగుతో కొలిచే క్యూబిట్‌లో చూస్తే 45 నానోగ్రాములు రావడం ప్రయోగశాలల్లో అరుదైన సంగతేమీ కాదు. వీటిలో ఏ పరికరం తప్పు చెప్పిందని విద్యార్థులు అడుగుతారు. చాలా సందర్భాల్లో రెండూ సరిగ్గానే పనిచేసి ఉంటాయి. మొదటిది 260 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకునే ప్రతి పదార్థాన్నీ లెక్కలో వేసుకుంది. రెండోది తన రంగుకు అంటుకున్న జంట పోగుల డీఎన్‌ఏను మాత్రమే లెక్కపెట్టింది. అందువల్ల పరికరాన్ని ఎంచుకునే ముందు, తరువాత చేయబోయే పని ఏమిటో, ఏ రకమైన పొరపాటు ఆ పనిని చెడగొడుతుందో తేల్చుకోవాలి. ఆ సంగతి తేలితే ఎంపికలో సగం పూర్తయినట్టే.

కాంతి శోషణతో కొలవడం: క్యూవెట్, నానోడ్రాప్

కేంద్రకామ్లాల్లోని బేసులు అతినీలలోహిత కాంతిని 260 నానోమీటర్ల దగ్గర అత్యధికంగా శోషిస్తాయి. కాంతి ప్రయాణించే దూరం ఒక సెంటీమీటరు ఉన్నప్పుడు శోషణ విలువ 1.0 వస్తే, జంట పోగుల డీఎన్‌ఏ అయితే మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాములు, ఆర్‌ఎన్‌ఏ అయితే 40, ఒంటి పోగు డీఎన్‌ఏ అయితే సుమారు 33 మైక్రోగ్రాములు ఉన్నట్టు లెక్క. ఈ గుణకాన్ని పరికరం తనంతట తాను నిర్ణయించుకోదు. ట్యూబులో ఉన్నది ఏమిటో మనం మెనూలో ఎంచుకుంటేనే దానికి తెలుస్తుంది. ఆర్‌ఎన్‌ఏ నమూనాను డీఎన్‌ఏ మోడ్‌లో చదివితే ఫలితం నాలుగో వంతు ఎక్కువగా కనిపిస్తుంది, అయినా తెర మీద ఏ హెచ్చరికా రాదు.

పాత తరహా క్యూవెట్ (నమూనా పోసే చిన్న పారదర్శక గిన్నె) స్పెక్ట్రోఫోటోమీటర్ దాదాపు ప్రతి జీవరసాయన శాస్త్ర విభాగంలోనూ ఏదో ఒక మూల ఉంటుంది. దానికి క్వార్ట్జ్ క్యూవెట్ తప్పనిసరి, ఎందుకంటే మామూలు గాజు, సాధారణ ప్లాస్టిక్ ఈ తరంగదైర్ఘ్యం వద్ద కాంతిని తామే పీల్చేసుకుంటాయి. శోషణ విలువ 0.1 నుంచి 1.0 మధ్య ఉన్నప్పుడు, అంటే మైక్రోలీటరుకు సుమారు 5 నుంచి 50 నానోగ్రాముల మధ్య, దాని ఫలితం బాగా నమ్మదగినది. నమూనాను పలుచన చేయవలసి రావడం, ఎక్కువ పరిమాణం ఖర్చవడం దీని లోపాలు. ప్లాస్మిడ్ మిడీప్రెప్ (బాక్టీరియా నుంచి వలయాకార డీఎన్‌ఏను మధ్యస్థ మోతాదులో తీయడం) వంటి, పదార్థానికి కొరత లేని పనుల్లో ఇది ఇప్పటికీ చక్కగా సరిపోతుంది; ఫ్యాషన్ పోయిందన్న ఒక్క కారణంతో దాన్ని మూలన పడేయడం నాకు సబబుగా అనిపించదు.

నానోడ్రాప్ వంటి సూక్ష్మ పరిమాణ పరికరాల్లో ఒకటి రెండు మైక్రోలీటర్ల చుక్క చాలు. పై చేయికీ కింది పీఠానికీ మధ్య ఆ చుక్క తలతన్యత వల్ల చిన్న స్తంభంలా నిలబడుతుంది. కాంతి దానిలో ఒక మిల్లీమీటరు, లేదా అంతకంటే తక్కువ దూరం ప్రయాణిస్తుంది. దూరం తగ్గడం వల్ల చిక్కటి నమూనాను పలుచన చేయకుండానే చదవవచ్చు. పలుచటి నమూనా దగ్గర అదే గుణం దోషంగా మారుతుంది. మైక్రోలీటరుకు 2 నానోగ్రాముల డీఎన్‌ఏ ఒక మిల్లీమీటరు దూరంలో చూపే అసలు శోషణ 0.004 మాత్రమే. తయారీదారులు ఆ స్థాయిని కనిష్ఠ పరిమితిగా ప్రకటించడంలో అబద్ధం లేదు, కానీ పీఠం మీద మిగిలిన తడి మరక కూడా అంతే శోషణ చూపగలదు. మైక్రోలీటరుకు 20 నానోగ్రాముల కంటే తక్కువ వచ్చిన నానోడ్రాప్ సంఖ్యను, అది ఎంత చక్కగా కనిపించినా, మరో పద్ధతితో సరిచూడకుండా తరువాతి ప్రయోగానికి వాడవద్దని నా సలహా.

ఈ పద్ధతికి ఉన్న అసలు బలహీనత దాని విచక్షణ లేమి. జీనోమిక్ డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ, ముక్కలైన పోగులు, ప్రైమర్లు అనే పొట్టి డీఎన్‌ఏ ముక్కలు, విడి న్యూక్లియోటైడ్లు అన్నీ 260 దగ్గర ఒకేలా కనిపిస్తాయి. దీన్ని అర్థం చేసుకోవడానికి శుద్ధి చేయని పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కను ఎంజైముతో అనేక ప్రతులుగా పెంచే చర్య) మిశ్రమాన్ని ఊహించుకుంటే చాలు. నాలుగు న్యూక్లియోటైడ్లూ ఒక్కొక్కటి 0.2 మిల్లీమోలార్ చొప్పున ఉన్న మిశ్రమంలో ఒక్క డీఎన్‌ఏ అణువు కూడా లేకపోయినా, ఆ న్యూక్లియోటైడ్ల శోషణ ఒక్కటే మైక్రోలీటరుకు 400 నానోగ్రాములకు పైగా డీఎన్‌ఏ ఉన్నట్టు చూపిస్తుంది. అందుకే పీసీఆర్ ఉత్పత్తిని కాలమ్ (డీఎన్‌ఏను పట్టి ఉంచే చిన్న గొట్టం) మీద శుద్ధి చేయకముందు నానోడ్రాప్ మీద పెట్టడం వృథా పని. పైన చెప్పిన పత్తి ఆకు నమూనాలో 180కి 45కి మధ్య తేడా కూడా ఎక్కువగా ఆర్‌ఎన్‌ఏ వల్ల వచ్చినదే అయి ఉంటుంది; ఆర్‌ఎన్‌ఏను కోసే ఆర్‌ఎన్‌ఏస్ ఎంజైము వేయని సీటాబ్ తయారీల్లో డీఎన్‌ఏ కంటే ఆర్‌ఎన్‌ఏ ఎక్కువగా ఉండడం మామూలే.

నిష్పత్తులు ఏం చెబుతాయి, ఏం చెప్పవు

నానోడ్రాప్‌ను జనం కొనేది గాఢత కోసం కంటే ఆ రెండు నిష్పత్తుల కోసమే అనిపిస్తుంది. 260/280 విలువ (260 వద్ద శోషణను 280 వద్ద శోషణతో భాగిస్తే వచ్చేది) డీఎన్‌ఏకు 1.8, ఆర్‌ఎన్‌ఏకు 2.0 దగ్గర ఉండాలని, 260/230 విలువ 2.0 నుంచి 2.2 మధ్య ఉండాలని ప్రతి ప్రాక్టికల్ పుస్తకంలోనూ ఉంటుంది. 1.8 వచ్చింది కాబట్టి ప్రొటీన్ లేదని రాసేయడం కూడా అలాగే అలవాటైపోయింది. ఇక్కడ కొంచెం ఆగి లెక్క వేయాలి.

మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము శుద్ధ డీఎన్‌ఏ శోషణ 260 వద్ద సుమారు 20, 280 వద్ద సుమారు 11. అంతే గాఢతలో ఉన్న సగటు ప్రొటీన్ శోషణ 280 వద్ద దాదాపు 1, 260 వద్ద దాదాపు 0.6. రెండింటినీ సమాన బరువుల్లో కలిపితే 260 వద్ద 20.6, 280 వద్ద 12 దాకా వస్తుంది, నిష్పత్తి 1.7. అంటే ట్యూబులోని పదార్థంలో సగం బరువు ప్రొటీనే అయినా, నిష్పత్తి 1.8 నుంచి 1.7కి మాత్రమే దిగుతుంది. ఈ కొలత పుట్టుకను చూస్తే ఇందులో ఆశ్చర్యం కలగదు. వార్‌బుర్గ్, క్రిస్టియన్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు 1942లో దీన్ని వాడింది ప్రొటీన్‌లో కలిసి ఉన్న కేంద్రకామ్లాన్ని పట్టుకోవడానికి. ఆ దిశలో ఇది సున్నితమైన పరీక్ష, ఎందుకంటే కొద్దిపాటి కేంద్రకామ్లం కూడా శోషణను బాగా పెంచుతుంది. కేంద్రకామ్లంలో ప్రొటీన్‌ను వెతకడానికి తిప్పి వాడినప్పుడు ఆ సున్నితత్వం మిగలదు. కాబట్టి 1.8 చూసి ప్రొటీన్ లేదని ధీమా పడకూడదు, 1.5 వస్తే మాత్రం ప్రొటీన్ బాగా ఉందనో, ఫినాల్ మిగిలిందనో, ద్రావణం ఆమ్లంగా ఉందనో అనుమానించాలి.

ఆమ్లత సంగతిని చాలామంది పట్టించుకోరు. డిస్టిల్డ్ నీరు గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని కొంత ఆమ్లంగా మారుతుంది. అదే డీఎన్‌ఏను పీహెచ్ 8 ఉన్న టీఈ బఫర్‌లో కాకుండా అటువంటి నీటిలో కరిగిస్తే 260/280 విలువ 0.2 నుంచి 0.3 దాకా పడిపోవచ్చు, అదనపు మలినం ఏమీ లేకుండానే. ఒకరు నీటిలో, మరొకరు టీఈలో కరిగించిన నమూనాల నిష్పత్తులను పక్కపక్కన పెట్టి ఎవరిది శుద్ధమో తేల్చడం అర్థం లేని పని. నిష్పత్తి 1.8 దాటి 2.0 వైపు జరిగితే అది మెచ్చుకోవలసిన విషయమూ కాదు. ఆర్‌ఎన్‌ఏ కలిసి ఉందనడానికి అది సాధారణ సంకేతం.

260/230 కథ వేరు. గ్వానిడిన్ లవణాలు, ఫినాల్, మొక్కల నుంచి వచ్చే పాలీఫినాళ్లు, కొన్ని పాలీశాకరైడ్లు, ఈడీటీఏ అన్నీ 230 ప్రాంతంలో శోషిస్తాయి. సిలికా కాలమ్ కిట్లలో బంధన బఫర్‌లోని గ్వానిడిన్ థయోసయనేట్ అతి కొద్దిగా మిగిలినా ఈ నిష్పత్తి 1 కంటే కిందికి దిగిపోతుంది, కానీ ఆ కొద్దిపాటి లవణం పీసీఆర్‌ను సాధారణంగా ఆపదు. పత్తి, మామిడి వంటి ఆకుల డీఎన్‌ఏలో పాలీఫినాళ్ల వల్ల అదే నిష్పత్తి అంతే తక్కువగా వస్తే, పీసీఆర్ పూర్తిగా విఫలం కావచ్చు. ఒకే సంఖ్యకు రెండు వేర్వేరు అర్థాలు ఉన్నాయన్నమాట. కిట్‌తో తీశారా, సీటాబ్‌తో తీశారా, ఫినాల్ ఉన్న ట్రైజాల్‌తో తీశారా అన్నది తెలియకుండా ఈ నిష్పత్తికి అర్థం చెప్పలేము. పైగా గాఢత మైక్రోలీటరుకు 10, 20 నానోగ్రాములు ఉన్నప్పుడు హారంలో ఉన్న చిన్న సంఖ్య కొద్దిగా కదిలినా నిష్పత్తి ఊగిపోతుంది. అటువంటి నమూనాలో 260/230 గురించి బెంగ పెట్టుకోనక్కరలేదు.

నిష్పత్తుల కంటే, తరంగదైర్ఘ్యాల వెంట శోషణను చూపే వక్రరేఖ ఎక్కువ చెబుతుంది, దాన్ని చూడకుండా సంఖ్యలు మాత్రమే రాసుకుని వెళ్లడం నాకు చిరాకు కలిగించే అలవాటు. శుద్ధమైన నమూనాలో 230 దగ్గర లోయ, 260 దగ్గర నునుపైన శిఖరం, 320 దగ్గర దాదాపు సున్నా కనిపించాలి. శిఖరం 270 వైపు జరిగితే ఫినాల్ ఉన్నట్టు. ఫినాల్ గాఢతను కూడా దొంగగా పెంచుతుంది, కొన్నిసార్లు 260/280ను పెద్దగా పాడుచేయకుండానే. 320 దగ్గర రేఖ పైకి లేచి ఉంటే ధూళి, మిగిలిపోయిన మాగ్నెటిక్ బీడ్లు, కరగని పదార్థం కాంతిని చెదరగొడుతున్నట్టు. లోయ పూడిపోయి రేఖ 230 నుంచి ఏటవాలుగా దిగితే లవణమో, పాలీఫినాలో. ఇథనాల్ మాత్రం ఇందులో ఎక్కడా దొరకదు. అది ఈ తరంగదైర్ఘ్యాల్లో శోషించదు, కానీ మిగిలిపోతే ఎంజైములను అడ్డుకుంటుంది, జెల్ బావిలో వేసిన నమూనాను పైకి తేల్చేస్తుంది.

ఫ్లోరోమీటర్: క్యూబిట్, పికోగ్రీన్

కొన్ని రంగులు ద్రావణంలో విడిగా ఉన్నప్పుడు దాదాపు వెలగవు, డీఎన్‌ఏకు అంటుకున్నప్పుడు మాత్రం ఎన్నో రెట్లు ప్రకాశిస్తాయి. పికోగ్రీన్, క్యూబిట్ కిట్లలోని రంగులు ఈ కోవకు చెందినవి. పాత హెక్స్ట్ 33258 రంగు కూడా ఇదే పని చేస్తుంది కానీ అది అడినిన్, థైమిన్ ఎక్కువగా ఉన్న చోట్లను ఇష్టపడుతుంది, కాబట్టి జీనోమ్ కూర్పును బట్టి ఫలితం మారుతుంది. క్యూబిట్ హై సెన్సిటివిటీ కిట్‌తో 200 మైక్రోలీటర్ల కొలతలో నానోగ్రాములో పదో వంతు, రెండు పదో వంతుల డీఎన్‌ఏను కూడా కొలవవచ్చు. ఒకటి నుంచి 20 మైక్రోలీటర్ల వరకు నమూనా వేసుకునే వీలుంది. ఆర్‌ఎన్‌ఏకు, ఒంటి పోగు డీఎన్‌ఏకు వేరే కిట్లున్నాయి.

విడి న్యూక్లియోటైడ్లు, ప్రైమర్లు, గ్వానిడిన్, ఫినాల్ ఆనవాళ్లు, మోస్తరు ఆర్‌ఎన్‌ఏ దీన్ని పెద్దగా కదిలించవు. సీక్వెన్సింగ్ లైబ్రరీల (సీక్వెన్సింగ్ యంత్రానికి సిద్ధం చేసిన డీఎన్‌ఏ ముక్కల) తయారీలో తొలి కొలత దీనితోనే చేయమని అడగడానికి కారణం అదే. అయితే దీని లోపాలను కూడా అంతే నిక్కచ్చిగా చెప్పాలి. శుద్ధత గురించి ఇది ఒక్క మాట కూడా చెప్పదు. ఫినాల్‌తో నిండిన నమూనాకూ, నిర్మలమైన నమూనాకూ ఒకే సంఖ్య ఇచ్చి ఊరుకుంటుంది. జంట పోగులకు మాత్రమే రంగు అంటుకుంటుంది కాబట్టి పోగులు విడిపోయిన డీఎన్‌ఏను అది తక్కువగా చూపిస్తుంది. చెలెక్స్ రెజిన్‌తో మరిగించి తీసిన డీఎన్‌ఏ చాలావరకు ఒంటి పోగుగానే ఉంటుంది. దాన్ని జంట పోగుల కిట్‌తో కొలిచి, డీఎన్‌ఏ రాలేదని పారేసేవారున్నారు. అదే నమూనాను నానోడ్రాప్ మీద పెడితే మాట తారుమారవుతుంది, ఎందుకంటే పోగులు విడిపోయినప్పుడు బేసుల శోషణ పెరుగుతుంది.

పని చేసే తీరులోనూ జాగ్రత్తలున్నాయి. ఫలితం రెండు ప్రమాణ ద్రావణాల మీద ఆధారపడుతుంది. పాతబడిన ప్రమాణంతో గీసిన గీత మీద ఎన్ని నమూనాలు చదివినా అన్నీ ఒకే దిశలో తప్పుతాయి. పారదర్శకమైన పలుచటి గోడల ట్యూబులే వాడాలి, గుర్తు మూత మీదే రాయాలి, గోడ మీద రాయకూడదు. ట్యూబును చేతిలో పట్టుకుని ఉంటే అది వేడెక్కి ప్రకాశం తగ్గుతుంది. రంగు కలిపాక రెండు నిమిషాలు ఆగాలి. అన్నిటికంటే పెద్ద పొరపాటు పిపెట్‌లో ఉంటుంది: చిక్కటి జీనోమిక్ డీఎన్‌ఏ నుంచి ఒకే ఒక్క మైక్రోలీటరు తీసి 199లో కలిపినప్పుడు, ఆ ఒక్క మైక్రోలీటరులో ఎంత వచ్చిందో దేవుడికే తెలియాలి. ముందు పదింతలు పలుచన చేసి, మెల్లగా కలిపి, ఐదు మైక్రోలీటర్లు తీసుకోవడం మేలు.

జెల్

అగరోజ్ జెల్‌ను కొలత పరికరంగా చాలామంది లెక్కలోకి తీసుకోరు. నా దృష్టిలో ఇది వదలకూడని పరీక్ష. 0.8 శాతం జెల్ మీద తెలిసిన పరిమాణంలో ల్యామ్డా అనే వైరస్ డీఎన్‌ఏను 25, 50, 100 నానోగ్రాములుగా వేసి, పక్కన మన నమూనాను నడిపితే, కంటితో చూసి రెట్టింపు తేడా లోపల గాఢతను చెప్పవచ్చు. హిండ్ త్రీ ఎంజైముతో కోసిన ల్యామ్డా ఉన్నా సరిపోతుంది: ల్యామ్డా మొత్తం 48,502 బేసు జతల్లో పై పట్టీ 23,130 జతలది, కాబట్టి బావిలో 500 నానోగ్రాములు వేస్తే ఆ పట్టీలో దాదాపు 238 నానోగ్రాములుంటాయి.

సంఖ్యగా చూస్తే ఇది మొరటు కొలతే. కానీ నానోడ్రాప్ గానీ క్యూబిట్ గానీ చెప్పలేని మూడు విషయాలు ఒకే చూపులో తెలుస్తాయి. పై పట్టీ బిగువుగా ఉంటే డీఎన్‌ఏ ముక్కలవకుండా నిలిచి ఉంది. కిందికి పొగలా సాగితే ముక్కలైంది. జెల్ అడుగున మసక మేఘం ఉంటే అది ఆర్‌ఎన్‌ఏ. నమూనా బావిలోనే చిక్కుకుపోతే పాలీశాకరైడ్లో ప్రొటీనో పట్టి ఉంచాయి. పైన చెప్పిన 180, 45 తగువును జెల్ తీర్చగలదు. ఇథిడియం బ్రోమైడ్ వాడితే చేతి తొడుగులు, విడి చెత్త డబ్బా తప్పవు. బదులుగా సురక్షితమైన రంగులు ఇప్పుడు దొరుకుతున్నాయి.

క్యూపీసీఆర్, కేశనాళిక పరికరాలు

ఒక డీఎన్‌ఏ తయారీ శుద్ధంగా ఉందా అన్న ప్రశ్నకు నిజమైన జవాబు ఎంజైము నోటి నుంచే రావాలి. క్యూపీసీఆర్‌లో (ప్రతులు పెరగడాన్ని చక్రం చక్రానికీ కొలిచే పీసీఆర్) నమూనాను నేరుగా ఒకసారి, పదింతలు పలుచన చేసి మరోసారి నడపండి. నిరోధకాలు లేకపోతే పలుచన చేసిన నమూనా సుమారు 3.3 చక్రాలు ఆలస్యంగా రావాలి. తేడా ఒకటో రెండో చక్రాలే ఉన్నా, పలుచన చేసినదే ముందు వచ్చినా, అసలు నమూనాలో ఏదో పదార్థం పాలిమరేజ్‌ను అడ్డుకుంటోందని అర్థం. 260/230 తక్కువగా ఉన్న నమూనాను మళ్లీ శుద్ధి చేయాలా వద్దా అని తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి పరీక్ష నాకు తెలియదు. క్యూపీసీఆర్ లేని చోట మామూలు పీసీఆర్‌తో, వరుస పలుచనలతో కూడా ఇదే తెలుసుకోవచ్చు. కొంచెం మొరటుగా ఉంటుంది, అంతే.

గాఢత కోసం క్యూపీసీఆర్ వాడే సందర్భాలు ప్రత్యేకమైనవి. సీక్వెన్సింగ్ లైబ్రరీలో రెండు చివరలా అడాప్టర్లు (యంత్రం గుర్తించే పొట్టి డీఎన్‌ఏ తోకలు) అంటిన అణువులనే అది లెక్కపెడుతుంది, ఫ్లోసెల్ (సీక్వెన్సింగ్ జరిగే పలక) మీద పనికొచ్చేవి కూడా అవే. నేర పరిశోధన నమూనాల్లో మానవ డీఎన్‌ఏతో పాటు బాక్టీరియా, శిలీంధ్రాల డీఎన్‌ఏ కూడా ఉంటుంది. నానోడ్రాప్, క్యూబిట్ రెండూ అన్నిటినీ కలిపి చూపిస్తాయి. అందుకే డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్‌లో మానవ డీఎన్‌ఏను మాత్రమే గుర్తించే క్యూపీసీఆర్ కిట్లతో కొలిచి, సాధారణంగా ఒక నానోగ్రాము లోపు డీఎన్‌ఏను పరీక్షలో వేస్తారు. డిజిటల్ పీసీఆర్ ప్రామాణిక రేఖ అవసరం లేకుండానే అణువులను లెక్కపెడుతుంది. ఒక నమూనాను దాదాపు 20,000 బిందువులుగా విడగొట్టి, వెలిగినవెన్ని, వెలగనివెన్ని అన్న లెక్క నుంచి పాయిసన్ సూత్రంతో సంఖ్య తీస్తుంది. ప్రమాణ ద్రావణాలు తయారు చేసేవారికి అది అమూల్యం, రోజువారీ పనికి అనవసరపు ఖర్చు.

బయోఅనలైజర్, టేప్‌స్టేషన్ వంటి పరికరాలు జెల్ చేసే పనినే సన్నని నాళికల్లో, ఒకటి రెండు మైక్రోలీటర్ల నమూనాతో చేస్తాయి. ముక్కల సగటు పొడవు తెలిస్తే తప్ప నానోగ్రాములను నానోమోలార్‌గా మార్చలేము కాబట్టి లైబ్రరీలకు ఇవి కావాలి. మైక్రోలీటరుకు 2 నానోగ్రాములు ఉండి, సగటు పొడవు 400 బేసు జతలైతే, జతకు 660 డాల్టన్ల చొప్పున గాఢత 7.6 నానోమోలార్ అవుతుంది. పొడవును 400కు బదులు 300 అనుకుంటే అది 10 దాటుతుంది. ఆర్‌ఎన్‌ఏ విషయంలో 1 నుంచి 10 వరకు ఉండే రిన్ అనే సమగ్రతా సంఖ్యను ఇవి ఇస్తాయి. ఆకు ఆర్‌ఎన్‌ఏలో హరితరేణువుల రైబోసోమల్ ఆర్‌ఎన్‌ఏ అదనపు శిఖరాలుగా వచ్చి ఆ సంఖ్యను తగ్గిస్తుంది. అందుకని మొక్కలపై పనిచేసేవారు సంఖ్యతో సరిపెట్టుకోక గ్రాఫును చూడాలి.

పనిని బట్టి నా ఎంపిక

ప్లాస్మిడ్ మినీప్రెప్, క్లోనింగ్, సాంగర్ సీక్వెన్సింగ్ వంటి పనులకు నానోడ్రాప్ చాలు. ఈ పనులు ఒకటిన్నర రెట్ల పొరపాటును కూడా తట్టుకుంటాయి, కాలమ్ మీద శుద్ధి చేసిన ప్లాస్మిడ్‌లో ఆర్‌ఎన్‌ఏ బెడద తక్కువ. లైగేషన్‌లో ఇన్సర్ట్, వెక్టర్ నిష్పత్తి ముఖ్యమైనప్పుడు మాత్రం జెల్ మీద రెండింటినీ పక్కపక్కన నడపడం ఆదా.

పంట మొక్కల జీనోటైపింగ్‌లో (జన్యు తేడాలను గుర్తించే పనిలో) వందల నమూనాలుంటాయి. ఒక్కొక్కదాన్నీ క్యూబిట్‌లో పెడితే రియేజెంట్ ఖర్చు తడిసిమోపెడవుతుంది. ఆర్‌ఎన్‌ఏస్ వేసి, ప్రతి నమూనానూ నానోడ్రాప్ మీదో ప్లేట్ రీడర్‌లో పికోగ్రీన్‌తోనో చదివి, అందులో కొన్నిటిని జెల్ మీద సరిచూస్తే ఎస్‌ఎస్‌ఆర్ (పొట్టి పునరావృత వరుసల) మార్కర్ల పీసీఆర్‌కు సరిపోతుంది. అవే నమూనాలను జీనోటైపింగ్ బై సీక్వెన్సింగ్‌కు పంపాలంటే పికోగ్రీన్ లేదా క్యూబిట్ తప్పనిసరి చేసుకోవాలి. అక్కడ అన్ని నమూనాలూ సమాన పరిమాణంలో కలవకపోతే కొన్నిటికి విపరీతంగా, కొన్నిటికి అసలు చాలనంతగా డేటా వస్తుంది.

నానోపోర్ వంటి పొడవైన రీడ్ల సీక్వెన్సింగ్‌కు ఏ ఒక్క పరికరమూ సరిపోదు. పరిమాణం క్యూబిట్ నుంచి, మలినాల సంగతి నానోడ్రాప్ నుంచి, పొడవు జెల్ నుంచి తెలియాలి. ఈ మూడింటితో పాటు నేను చూసే మరో సంఖ్య నానోడ్రాప్ విలువను క్యూబిట్ విలువతో భాగిస్తే వచ్చేది. అది 1 దగ్గర ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. ఒకటిన్నర దాటితే ఆర్‌ఎన్‌ఏనో ఫినాలో ఉన్నట్టు లెక్క, ముందు దాన్ని తీసేయాలి. చిక్కగా జిగురుగా ఉన్న డీఎన్‌ఏలో ట్యూబు పై భాగం నుంచి తీసిన చుక్కకూ అడుగు నుంచి తీసిన చుక్కకూ పొంతన ఉండదు కాబట్టి, కొలిచే ముందు కాస్త వెచ్చబెట్టి, వెడల్పు మూతి టిప్పుతో నెమ్మదిగా కలిపి, రెండు మూడు చోట్ల నుంచి తీసి చూడాలి.

రక్తరసంలో తేలే స్వేచ్ఛా డీఎన్‌ఏను నానోడ్రాప్ మీద పెట్టడం నమూనాను పారబోయడమే. అది క్యూబిట్‌కో, క్యూపీసీఆర్‌కో తగిన పని. వైరస్ ఆర్‌ఎన్‌ఏ కిట్లలో దిగుబడి కోసం క్యారియర్ ఆర్‌ఎన్‌ఏ కలుపుతారు. అలా తీసిన ద్రావణాన్ని శోషణతో కొలిస్తే తెర మీద కనిపించేది దాదాపు మొత్తం ఆ క్యారియరే. కోవిడ్ పరీక్షల్లో నమూనా సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి మానవ ఆర్‌నేస్ పీ జన్యువు వంటి అంతర్గత నియంత్రణ మీద ఆధారపడ్డారు. గాఢత కొలవడం అక్కడ ఏమీ చెప్పేది కాదు.

డబ్బు ఒకే పరికరానికి సరిపోతే

నానోడ్రాప్ తరగతి పరికరం కొనేటప్పుడు ఖరీదు ఎక్కువ, తరువాత తుడుచుకునే కాగితం తప్ప ఖర్చు లేదు. క్యూబిట్ కొనేటప్పుడు చవక, కానీ ప్రతి నమూనాకూ రంగు, ట్యూబు ఖర్చవుతూనే ఉంటాయి. కిట్ల గడువు తీరిపోవడం, నిధుల విడుదల ఆలస్యమై కిట్లు తెప్పించలేకపోవడం మన విశ్వవిద్యాలయాల్లో తెలియని కథలు కావు. అందువల్ల బోధన కోసం, ప్లాస్మిడ్ పనుల కోసం అయితే నానోడ్రాప్ వైపే నేను మొగ్గుతాను. పరిశోధన ల్యాబ్ అయి, నమూనాలు సీక్వెన్సింగ్‌కు పంపే ఉద్దేశం ఉంటే ముందు ఫ్లోరోమీటరు కొనుక్కుని, నిష్పత్తుల కోసం విభాగంలోని పాత క్యూవెట్ యంత్రాన్నో పక్క ల్యాబ్ నానోడ్రాప్‌నో వాడుకోవడం తెలివైన పని. చుక్క పెట్టి చదవడానికి పక్క ల్యాబ్ వారు కాదనరు, రియేజెంట్ అడిగితేనే ముఖం మారుతుంది. జెల్ పెట్టె ఎలాగూ ఉంటుంది.

నానోడ్రాప్ వాడేవారు రోజూ పాటించవలసినవి కొన్ని ఉన్నాయి. డీఎన్‌ఏను ఏ బఫర్‌లో కరిగించారో అదే బఫర్‌తో బ్లాంక్ చేయాలి, అంటే పరికరానికి సున్నా చూపాలి. కాలమ్ నుంచి డీఎన్‌ఏను దించే ఎల్యూషన్ బఫర్‌లో ఉన్న నమూనాకు నీటితో బ్లాంక్ చేస్తే 230 వైపు విలువలన్నీ పాడవుతాయి. బ్లాంక్ చేశాక అదే బఫర్‌ను నమూనాగా మళ్లీ చదివితే గీత సున్నా దగ్గర చదునుగా ఉండాలి. ఉండకపోతే పీఠాన్ని మళ్లీ తుడవాలి. చుక్కను ఒకసారి చదివాక దాన్నే మళ్లీ చదవకుండా తుడిచి కొత్త చుక్క పెట్టాలి, ఎందుకంటే అంత చిన్న చుక్క చూస్తుండగానే ఆవిరై చిక్కబడుతుంది. చదివినవాటిలో బుడగ ఉన్నదాన్ని సగటులో కలపకూడదు.

నమూనాలను బయటి సీక్వెన్సింగ్ సంస్థకు పంపేటప్పుడు ఫారంలో గాఢత పక్కన ఏ పరికరంతో కొలిచారో, ఏ కిట్ వాడారో, ఏ బఫర్‌లో ఉందో కూడా రాయండి. వారు తమ దగ్గర ఫ్లోరోమీటరుతో మళ్లీ కొలుస్తారు. మీరు నానోడ్రాప్ మీద 100 అని రాసి పంపిన ట్యూబులో వారికి 30 వస్తే నమూనా తిరస్కరణకు గురవుతుంది, రవాణాలో చెడిపోయిందా అన్న వాదన మొదలవుతుంది. క్యూబిట్ విలువ, జెల్ ఫొటో జతచేసి పంపినవారికి ఆ వాదన చేయవలసిన అవసరం రాదు.